తాగునీటిలో పారిశ్రామిక రసాయనాల పరీక్ష: పుప్పాలగూడ, పటాన్‌చెరు పరిసరాలు

తాగునీటిలో పారిశ్రామిక రసాయనాల పరీక్ష అంటే, ప్రజలు తాగే నీటిలో కర్మాగారాల నుంచి, గిడ్డంగుల నుంచి, వాటి వ్యర్థాల నుంచి చేరగల భారలోహాలు, సాల్వెంట్లు, ఔషధ అవశేషాలు, పురుగుమందులు, ఖనిజ తైలాలు ఎంత మోతాదులో ఉన్నాయో ప్రయోగశాలలో కొలిచి, ఆ కొలతలను ఆరోగ్య ప్రమాణాలతో పోల్చి చూడడం. క్రిముల పరీక్షకూ దీనికీ మౌలికమైన తేడా ఉంది. క్రిముల విషయంలో కోలిఫాం బ్యాక్టీరియా ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే నీటిలో మురుగు కలిసిందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. రసాయనాలకు అలాంటి ఉమ్మడి సూచిక లేదు. ఏ పదార్థం కోసం వెతికితే అదే దొరుకుతుంది, వెతకనిది ఎంత ఉన్నా నివేదికలో కనిపించదు. అందువల్ల ఈ పరీక్షలో యంత్రం కంటే ముందు నిర్ణయించవలసింది జాబితా. ఆ జాబితా ఆ ప్రాంతంలో ఏయే పరిశ్రమలు ఏమేమి తయారుచేస్తున్నాయో, ఏమేమి పారబోస్తున్నాయో తెలిసినవారు కూర్చవలసింది. అన్ని ఊళ్లకూ ఒకటే అచ్చు కాగితం వాడితే పరీక్ష జరుగుతుంది గాని సంగతి బయటపడదు.

పుప్పాలగూడ నీరు ఎక్కడిది

రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని పుప్పాలగూడ ఒకప్పటి వ్యవసాయ గ్రామం. మణికొండ, నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ల నడుమ ఉండడం వల్ల ఐటీ రంగం విస్తరించిన కొద్దీ ఇది ఎత్తైన అపార్టుమెంట్ల పేటగా మారింది. 2018లో మణికొండ పురపాలక సంఘం ఏర్పడినప్పుడు నెక్నాంపూర్‌తో పాటు అందులో భాగమైంది. ఇక్కడ ఔషధ కర్మాగారాలు లేవు, రంగుల మిల్లులు లేవు. అయినా ఇక్కడి నీటి పరీక్ష తేలికైన పని కాదు, ఎందుకంటే ఒకే ఇంటి కుళాయికి నీరు మూడు దారుల్లో వస్తుంది. జలమండలిగా వ్యవహరించే హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు ఇచ్చే నీరు ఒకటి, అపార్టుమెంటు ఆవరణలోని బోరు నీరు రెండోది, ఎండాకాలంలో అసోసియేషన్ కొనే ట్యాంకరు నీరు మూడోది. ఈ మూడూ నేల కింది సంపులో కలిసి, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి వంటగదికి దిగుతాయి. కాబట్టి వంటగదిలో పట్టిన నమూనా బాగుంటే మూడూ బాగున్నట్టు కాదు, చెడ్డదైతే వాటిలో ఏది చెడ్డదో తెలియదు. మూలాలను విడివిడిగా పరీక్షించకుండా కుళాయి ఒక్కదాన్నే పరీక్షించే అలవాటు ఈ ప్రాంతంలో పరీక్షల ఖర్చును వృథా చేస్తోందనడం తప్పు కాదు.

ఈ మూడింటిలో క్రమబద్ధమైన ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్నది మొదటిదానికే. 1989లో ఏర్పడిన జలమండలి తన సరఫరాలో మిగులు క్లోరిన్‌ను, క్రిములను, లవణాలను క్రమం తప్పకుండా చూస్తుంది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడా నగర నీటి నమూనాలను పరీక్షిస్తుంది. బోరు నీటి బాధ్యత యజమానిది. ట్యాంకరు నీరు ఏ బోరు నుంచి తోడారో కొనేవారికి చాలాసార్లు తెలియదు.

హైదరాబాదు తాగునీటి మూలాలు కాలక్రమంలో నగరానికి దూరమవుతూ పోయాయి. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో రూపుదిద్దుకున్న ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1965లో మంజీర నీరు వచ్చింది, తర్వాత సింగూరు, 2004లో కృష్ణా, 2015లో గోదావరి. ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, పుప్పాలగూడకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పడమట ఉంది. అదే దిక్కున ఇంకొంచెం ఉత్తరంగా వెళితే, ఈ నగరపు రసాయన కాలుష్య చరిత్ర అంతా పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం పేర్లతో ముడిపడి ఉంది.

పటాన్‌చెరు అనుభవం

1960ల్లో హైదరాబాదులో ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం నెలకొన్నాక, అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తల చేతులమీదుగా బల్క్ డ్రగ్ పరిశ్రమ, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందు పదార్థాన్ని టన్నుల లెక్కన తయారుచేసే పరిశ్రమ, నగర శివార్లలో వేళ్లూనుకుంది. అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిసేవి. వాగు ఒడ్డున ఉన్న గ్రామాల బావులు రంగు మారాయి, పొలాలు చవిటినేలలయ్యాయి. ఈ గ్రామాల పక్షాన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం, 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయ్యేదాకా, పరిహారం, తాగునీటి సరఫరా, వ్యర్థ జలాల శుద్ధి వంటి అంశాలపై ఎన్నో ఆదేశాలకు దారితీసింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థ జల శుద్ధి కేంద్రం పని ప్రారంభించింది.

ఆ కేంద్రపు నీటిపై జరిగిన ఒక పరీక్ష ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిం లార్సన్ బృందం దాదాపు 90 బల్క్ డ్రగ్ సంస్థల వ్యర్థాలు చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చే నీటిని తీసుకుని, అందులో 59 మందుల కోసం వెతికింది. 2007లో వెలువడిన ఫలితాల్లో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. చికిత్సలో రోగి రక్తంలో ఉండే గాఢత కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పటిదాకా ఆ నీటిని ఎవరూ పరీక్షించలేదనుకోవడం పొరపాటు. ఉదజని సూచిక, అంటే ఆమ్ల క్షార గుణం, రసాయన ఆమ్లజని అవసరం, మొత్తం కరిగిన లవణాలు వంటివి నిత్యం కొలుస్తూనే ఉన్నారు. కానీ రసాయన ఆమ్లజని అవసరం అన్నది నీటిలోని సేంద్రియ పదార్థాలన్నింటినీ కలిపి ఒక అంకెగా చూపుతుంది. ఆ అంకె బెల్లపు పాకం వల్ల వచ్చిందో, యాంటీబయాటిక్ వల్ల వచ్చిందో చెప్పదు. మందులు తయారయ్యే చోట మందుల కోసం వెతకాలన్న ఆలోచన బయటి నుంచి రావలసివచ్చింది.

2009లో జెర్కెర్ ఫిక్ ప్రధాన రచయితగా అదే పరిశోధక వర్గం ప్రచురించిన రెండో అధ్యయనం తాగునీటి విషయంలో మరింత నేరుగా వర్తిస్తుంది. చుట్టుపక్కల చెరువులు, వాగులు, గ్రామాల బావుల నుంచి నమూనాలు తీయగా, ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు, అలర్జీ మందుగా వాడే సెటిరిజిన్ 1.2 మిల్లీగ్రాములు కనిపించాయి. శుద్ధి కేంద్రం నీరు చేరే అవకాశం లేని చెరువుల్లో ఇవి ఉండడం, వేరే దారిలో కూడా వ్యర్థాలు పారబోస్తున్నారనడానికి సాక్ష్యమైంది. పరీక్షించిన బావులన్నింటిలోనూ ఏదో ఒక మందు జాడ ఉంది. అదే 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు ఇచ్చిన సమగ్ర కాలుష్య సూచీలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది, 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం. 2016 నవంబరులో జర్మనీకి చెందిన క్రిస్టోఫ్ ల్యూబర్ట్ బృందం హైదరాబాదు పరిసరాల్లో 28 చోట్ల నీటి నమూనాలు తీసినప్పుడు, ఔషధ పరిశ్రమల దగ్గరి మురుగులో ఫ్లూకొనజోల్ అనే శిలీంధ్ర నాశక మందు లీటరుకు 237 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది.

ఈ మోతాదులో మందు నీటిలో ఉంటే, దాన్ని తాగిన మనిషికి కలిగే హాని ఒక ఎత్తు; ఆ నీటిలో బతికే బ్యాక్టీరియా మందుకు లొంగని శక్తిని సంతరించుకోవడం మరో ఎత్తు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థ జలాల్లో పరిమితులు నిర్దేశిస్తూ ముసాయిదా ప్రకటించింది గాని, 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ పట్టిక లేదు. పరిమితి లేని పదార్థాన్ని కొలవవలసిన నిర్బంధం సాధారణంగా ఏ ప్రయోగశాలకూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారిగా మార్గదర్శకాలు వెలువరించింది. అవి కర్మాగారాల వ్యర్థాలకు సంబంధించినవి, తాగునీటి ప్రమాణాలు కావు.

జంట జలాశయాల తీర్పు

పుప్పాలగూడకు ఎగువన ఉన్న జంట జలాశయాల, అంటే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల, విషయంలో పరీక్ష కంటే ముందుచూపు పనిచేసింది. 1996 మార్చి 8న వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించింది. శంషాబాద్ సమీపంలోని పెద్దషాపూర్‌లో ఆముదం ఆధారిత రసాయనాల కర్మాగారం పెట్టదలచిన సురానా ఆయిల్స్ సంస్థకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుల మధ్య వ్యాజ్యంగా ప్రసిద్ధికెక్కిన ఈ కేసులో 1999 జనవరి 27న జస్టిస్ ఎస్.బి.మజ్ముదార్, జస్టిస్ ఎం.జగన్నాథరావులు ఇచ్చిన తీర్పు, హాని జరుగుతుందని నిరూపించే భారం ప్రజలది కాదు, హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టేవారిదే అన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. శాస్త్రీయ అంశాలను తేల్చేందుకు కోర్టు నిపుణుల సంస్థల సాయం కోరింది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నివేదిక ఇచ్చినవాటిలో ఒకటి. 2000 డిసెంబరు 1న వెలువడిన రెండో తీర్పు పరిశ్రమకు వ్యతిరేకంగా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో 111 ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. ఆంక్ష ఉన్న కాలంలో ఆ జలాశయాల్లో పరీక్షించవలసిన రసాయనాల జాబితా చిన్నది. ఆంక్ష తొలగితే ఆ జాబితా పెరగక తప్పదు.

ప్రమాణాలు

భారతదేశంలో తాగునీటి ప్రమాణం భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 10500. ఇది 1983లో మొదలై 1991లోను, 2012లోను సవరణలు పొందింది. దీని ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01, ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001, నికెల్ 0.02, మొత్తం క్రోమియం 0.05, సయనైడ్ 0.05 మిల్లీగ్రాములు మించకూడదు. బహువలయ సుగంధ హైడ్రోకార్బన్లు, అంటే బొగ్గు, డీజిలు, తారు వంటివి సరిగా కాలనప్పుడు పుట్టే పదార్థాలు, 0.0001 మిల్లీగ్రాములకు మించరాదు. డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్, మలాథియాన్ వంటి పురుగుమందులకు విడివిడిగా పరిమితులున్నాయి. క్లోరిన్ నీటిలోని సేంద్రియ పదార్థంతో కలిసి పుట్టించే క్లోరోఫాంకు కూడా 0.2 మిల్లీగ్రాముల హద్దు ఉంది.

పట్టికలో లేనివి ఉన్నవాటికంటే ఎక్కువ విషయం చెబుతాయి. ఔషధ తయారీలో టన్నుల కొద్దీ వాడే టాలుయీన్, డైక్లోరోమీథేన్ వంటి సాల్వెంట్లకు ఐఎస్ 10500లో విడి పరిమితి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం టాలుయీన్‌కు లీటరుకు 700, డైక్లోరోమీథేన్‌కు 20, బెంజీన్‌కు 10 మైక్రోగ్రాముల మార్గదర్శక విలువలు ఇచ్చింది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. యాంటీబయాటిక్‌ల ఊసు లేదు. మంటలార్పే నురుగులో, మరకలంటని వస్త్రాల్లో వాడే ఫ్లోరిన్ రసాయనాల తరగతి పీఫాస్‌కూ పరిమితి లేదు. వాటిలో రెండింటికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 ఏప్రిల్‌లో లీటరుకు 4 నానోగ్రాముల హద్దు విధించింది, అంటే మైక్రోగ్రాములో వెయ్యి భాగాల్లో నాలుగు. పైగా ఐఎస్ 10500 కుళాయి నీటి సరఫరాదారులకు చట్టబద్ధమైన నిర్బంధం కాదు. 2019 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నగరాల కుళాయి నీటిని ఈ ప్రమాణంతో పోల్చి చూసినప్పుడు ముంబై నమూనాలు పదికి పదీ నెగ్గాయి. హైదరాబాదు పది నమూనాలలో అన్నీ నెగ్గలేదు. కోటి మంది నగరానికి పది నమూనాలు ఏపాటి సాక్ష్యమో వేరే చెప్పనక్కరలేదు.

నమూనా సేకరణ

రసాయన పరీక్షలో తప్పులు ఎక్కువగా జరిగేది యంత్రం దగ్గర కాదు, సీసా దగ్గర. లోహాల పరీక్షకు గట్టి ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి, లోహం సీసా గోడకు అంటుకోకుండా నైట్రిక్ ఆమ్లంతో ఉదజని సూచికను 2 కంటే తగ్గిస్తారు. సయనైడ్ కోసమైతే అదే నీటిని దీనికి విరుద్ధంగా క్షారంతో 12 పైకి తీసుకువెళ్లాలి. కాబట్టి ఒకే సీసా నీటితో అన్ని పరీక్షలూ చేస్తామనే ప్రయోగశాలను నమ్మకపోవడం మంచిది. ఆవిరయ్యే సాల్వెంట్ల కోసం గాజు సీసాను అంచుదాకా నింపి, లోపల గాలి బుడగ మిగలకుండా మూత బిగిస్తారు. సీసాను తలకిందులు చేసినప్పుడు చిన్న బుడగ కనిపించినా ఆ నమూనా పనికిరాదు, ఎందుకంటే వెతుకుతున్న పదార్థం ఆ బుడగలోకి వెళ్లిపోతుంది. క్లోరిన్ కలిసిన కుళాయి నీరైతే క్లోరిన్‌ను అణచే పదార్థాన్ని సీసాలో ముందే వేసి ఉంచాలి, లేకపోతే దారిలోనే కొత్త క్లోరోఫాం పుడుతుంది. సీసాలను మంచుపెట్టెలో ఉంచి తరలిస్తారు. వీటితో పాటు శుద్ధమైన నీరు నింపిన పోలిక నమూనా కూడా అదే పెట్టెలో వెళ్లివస్తుంది. అందులోనూ ఏదైనా రసాయనం కనిపిస్తే అది ఊరి నీటిది కాదు, సీసాదో పెట్టెదో అని తెలుస్తుంది.

కుళాయి తిప్పగానే వచ్చే నీరు వేరు, రెండు మూడు నిమిషాలు వదిలాక వచ్చే నీరు వేరు. మొదటిది రాత్రంతా ఇంటి గొట్టంలో నిలిచిన నీరు, గొట్టపు అతుకుల్లోని సీసాన్ని అది చూపుతుంది. రెండోది సరఫరా నీటిని చూపుతుంది. ఏది పట్టారో రాయని నివేదికకు అర్థం సగమే. కర్మాగారపు వ్యర్థాల విషయంలో 1974 నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 21వ సెక్షన్ మరింత కఠినం: నమూనా తీస్తున్నట్టు యజమానికి నోటీసు ఇచ్చి, అతని ఎదుటే రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరుపక్షాలూ సంతకం చేసే విధానం పాటిస్తేనే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలుస్తుంది. పౌరులు బాటిల్లో పట్టుకొచ్చిన నీటికి ఆ హోదా లేదు, కానీ ఎక్కడ వెతకాలో అధికారులకు చూపే విలువ దానికి తప్పకుండా ఉంది.

నేల స్వభావం కూడా నమూనాను నిర్ణయిస్తుంది. హైదరాబాదు నేల గ్రానైటు. నీరు అందులోని పగుళ్ల వెంట కదులుతుంది గాని ఇసుక నేలలోలాగా సమంగా పరుచుకోదు. ఒక బోరులో కలుషితం ఉండి, పక్క ప్లాటు బోరులో లేకపోవడం ఇక్కడ మామూలే, కాబట్టి పక్కింటివారి నివేదిక తమకూ వర్తిస్తుందనుకోవడం సరికాదు.

యంత్రాలు

లోహాలను కొలిచేందుకు నీటిని అతి వేడి ప్లాస్మాలోకి చిమ్మి, విడివడిన అయాన్లను వాటి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ ఎంఎస్ యంత్రం వాడతారు. సాల్వెంట్లు, పురుగుమందుల వంటి ఆవిరయ్యే పదార్థాలకు గ్యాస్ క్రోమటోగ్రఫీ, యాంటీబయాటిక్‌ల వంటి ఆవిరి కానివాటికి ద్రవ క్రోమటోగ్రఫీ ఉపయోగపడతాయి. రెండింటిలోనూ మిశ్రమాన్ని పొడవైన సన్నని గొట్టం గుండా పంపి, ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వచ్చేలా విడదీసి, ద్రవ్యరాశిని బట్టి గుర్తుపడతారు. ప్రతి పద్ధతికీ గుర్తింపు పరిమితి అనే హద్దు ఉంటుంది; అంతకంటే తక్కువ ఉన్నదాన్ని యంత్రం చూడలేదు. పాదరసానికి ప్రమాణం 0.001 అయినప్పుడు 0.005 వరకే చూడగల పద్ధతితో పరీక్షించి "కనుగొనబడలేదు" అని రాస్తే, ఆ మాట అబద్ధం కాదు, ఉపయోగం మాత్రం లేదు.

జాబితా ముందే సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో 2020 డిసెంబరులో ఏలూరు చూపింది. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛ, వణుకులతో ఆసుపత్రి పాలయ్యారు. తొలి నీటి పరీక్షల్లో అసాధారణమేదీ కనిపించలేదు. ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు చెప్పింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వంటివి రంగంలోకి దిగాక పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండవచ్చన్న అభిప్రాయం వెలువడింది. ఏ సంస్థ ఏది వెతికిందో దానికి అదే కనిపించడం ఆ గందరగోళానికి మూలం.

పుప్పాలగూడకు తగిన జాబితా

పుప్పాలగూడలో పటాన్‌చెరు జాబితాను యథాతథంగా వాడనక్కరలేదు. ఇక్కడ ఉండదగిన మూలాలు వేరు: అపార్టుమెంట్లలోను, ఆఫీసు భవనాల్లోను డీజిలు జనరేటర్ల కింది ట్యాంకులు, పెట్రోలు బంకులు, యూపీఎస్ బ్యాటరీల సీసం, డ్రైక్లీనింగ్ సాల్వెంట్లు, నిర్మాణ రంగపు రంగులు, చెరువుల్లోకి చేరే మురుగు, పాత పొలాల పురుగుమందులు. అందువల్ల ఇక్కడి బోరుకు బెంజీన్ వర్గపు పెట్రోలు రసాయనాలు, ఖనిజ తైలం, సీసం, నికెల్, క్రోమియం, క్లోరిన్ సాల్వెంట్లు, నైట్రేట్, కొన్ని పురుగుమందులు చూస్తే చాలావరకు సరిపోతుంది. ట్యాంకరు నీరు ఎక్కడి నుంచైనా రావచ్చు గనుక దానికి మందుల అవశేషాల పరీక్ష కూడా చేర్చాలి. తోడిన బోరు చిరునామా చెప్పని ట్యాంకరును వద్దనడం పరీక్షకంటే చవక. వేసవి చివర ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి చేస్తే నీటిమట్టంతో మారే గాఢత తెలుస్తుంది. ఆర్వో యంత్రం లోహాలను, లవణాలను బాగా తగ్గిస్తుంది గాని కొన్ని చిన్న అణువుల సాల్వెంట్లను పూర్తిగా ఆపలేదు. వాటికి ఉత్తేజిత కర్బనపు వడపోత అవసరం.

ఇలాంటి పరీక్షలకు, ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలను ఎంచుకోవాలి. ఆ గుర్తింపు ప్రయోగశాల మొత్తానికి కాక ఒక్కో పదార్థానికి, ఒక్కో పద్ధతికి విడివిడిగా ఇస్తారు కాబట్టి, పరీక్షించదలచిన రసాయనం ఆ గుర్తింపు పత్రంలో ఉందో లేదో ముందే అడగాలి. నమూనా పట్టిన చోటు, తేదీ, వాడిన పద్ధతి, దాని గుర్తింపు పరిమితి లేని నివేదికకు డబ్బు చెల్లించనక్కరలేదు.